వాద్యకారుల రికార్డింగ్ పాఠాలు – 6: పెట్టె మైకు పెంచితే డోలు ఎందుకు డొల్లబోయింది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చిన్నదే. ఊరి భజన బృందం ముందు ఎడమ కుడి చెవులకు ఒక జంట మైకులు, హార్మోనియం పెట్టె దగ్గర ఇంకో మైకు పెట్టి, మొదటి పాట నుంచి మంగళహారతి దాకా రికార్డు చేయమన్నాను. దేవరకొండ, మిర్యాలగూడ, అచ్చంపేట, గద్వాల వైపుల నుంచి వచ్చిన ఫైళ్లు అన్నీ విన్నాను. పాడినవాళ్లు బాగా పాడారు, వాయించినవాళ్లు బాగా వాయించారు. కానీ దాదాపు అన్నింటిలో జబ్బు ఒక్కటే. జంట మైకుల ట్రాకు విడిగా వింటే నిండుగా ఉంది. హార్మోనియం మైకు విడిగా వింటే అదీ శుభ్రంగానే ఉంది. రెండూ కలిపేసరికి హార్మోనియం ముక్కుతో మాట్లాడినట్టయింది, డోలు డొల్లబోయింది. ఒకరు మరో సంగతి కూడా రాశారు: ఇయర్‌ఫోన్‌లో డోలు గట్టిగా ఉంది, అదే పాట గుడి మీది గొట్టం స్పీకర్‌లో పెడితే డోలు ఉందో లేదో తెలియలేదు.

ఈసారి ఎడిటింగ్ మొదలుపెడదామన్నాను. అది ఆగాలి. ఈ జబ్బు తెలియకుండా ఎడిటింగ్ చేస్తే ఎంత సేపు కూర్చున్నా పాట బాగుపడదు.

కేబుళ్లు, కండెన్సర్ మైకులకు కేబుల్లోంచే ఇచ్చే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్), ఫైళ్లకు పేర్లు పెట్టుకోవడం, ఇవన్నీ మీకు వచ్చినట్టే లెక్క. లెవల్ గురించి మాత్రం రెండు ముక్కలు. చాలా ఫైళ్లలో తాళాలు పగిలాయి. మొదటి పాటకు గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మీట, పెట్టి వదిలేశారు. భజన ఎలా నడుస్తుందో మీకు తెలుసు కదా, విలంబంగా మొదలై చివరికి అందరూ లేచి నిలబడేంత ఊపు వస్తుంది. ఆ చివరి ఊపును ముందే ఒకసారి వాయించమని అడిగి, అప్పుడు మీటరు సున్నాకు 12 డెసిబెల్స్ కిందే ఉండేట్టు పెట్టుకోండి. 24 బిట్లలో రికార్డు చేస్తున్నప్పుడు లెవల్ తక్కువైతే నష్టమేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన తాళం మాత్రం మళ్లీ అతకదు.

ఇక అసలు విషయం. ఈ తప్పు వాద్యకారులే ఎక్కువగా చేస్తారు. మీలో చాలామంది ఒకే మాట రాశారు: "రెండు మైకుల మధ్య ఆలస్యం ఏమన్నా ఉందా అని విన్నాను, లయ ఎక్కడా తప్పలేదు, కాబట్టి ఆలస్యం సమస్య కాదు." ఈ నమ్మకం పోయేదాకా మీరు మంచి రికార్డింగ్ చేయలేరు. అందుకే దీని మీద ఇంతసేపు కూర్చుంటున్నాను.

గాలిలో శబ్దం 20 డిగ్రీల వేడిలో సెకనుకు 343 మీటర్లు నడుస్తుంది. అంటే 34 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను. హార్మోనియం మైకు పెట్టె నుంచి 30 సెంటీమీటర్లలో ఉంది, జంట మైకులు రెండున్నర మీటర్లలో ఉన్నాయి అనుకుందాం. తేడా 2.2 మీటర్లు. ఒకే స్వరం దగ్గరి మైకుకు చేరిన 6.4 మిల్లీసెకన్ల తర్వాత జంట మైకులకు చేరుతుంది. మీ లయజ్ఞానం ఎంత గొప్పదైనా 6 మిల్లీసెకన్లను ఆలస్యంగా పట్టుకోలేదు. అంత చిన్న తేడాను చెవి రెండు దెబ్బలుగా వినదు, ఒకే దెబ్బగా కలిపేసి, దాని రంగు మారినట్టు వింటుంది. హార్మోనియం ముక్కుతో మాట్లాడటం, డోలు డొల్లబోవడం అంటే ఇదే. అది మీరు వింటున్న ఆలస్యమే. లయగా వినిపించదు, నాదంగా వినిపిస్తుంది.

లెక్క సులభంగా ఉండే ఉదాహరణ తీసుకుందాం. తేడా సరిగ్గా 34 సెంటీమీటర్లు, అంటే ఒక మిల్లీసెకను. రెండు మైకుల లెవల్ సమానం. 500 హెర్ట్జ్ అల ఒక్కసారి కదలడానికి 2 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక మిల్లీసెకను ఆలస్యమైతే ఒక మైకులో అల పైకి లేచినప్పుడు రెండో మైకులో కిందికి దిగుతుంది. కలిపితే రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. 1500 దగ్గర, 2500 దగ్గర, 3500 దగ్గర కూడా ఇదే జరుగుతుంది. వాటి మధ్యలో 1000, 2000, 3000 దగ్గర రెండూ కలిసి రెట్టింపవుతాయి. గ్రాఫు గీస్తే దువ్వెన పళ్లలా వస్తుంది. శబ్దం ఇలా చచ్చిపోయే చోట్లనే గుంటలు అంటున్నాను.

ఇప్పుడు ఇది స్వరాల్లో చూడండి, వాద్యకారులకు అదే ఎక్కువ ఉపయోగం. ఒకటి శ్రుతిలో హార్మోనియం మధ్య స్థాయి కాకలి నిషాదం 494 హెర్ట్జ్. దాని మూల నాదం పూర్తిగా గుంటలో పడుతుంది. దాని మూడో హార్మోనిక్, అంటే మూల నాదంతో పాటే మోగే మూడింతల నాదం, 1482, అదీ గుంటలోనే. రెండోది 988, నాలుగోది 1976, ఇవి మాత్రం పెరుగుతాయి. ఫలితం ఏమిటంటే, మూలం పోయి దాని పై స్థాయి మాత్రమే మిగిలి, నిషాదం మీట నొక్కితే పై స్థాయి నిషాదం పలికినట్టు వినిపిస్తుంది. పక్కనే ఉన్న పై షడ్జమూ, 523 హెర్ట్జ్, చాలా వరకు సన్నబడుతుంది. అదే పాటలో మధ్య స్థాయి షడ్జం మాత్రం నిలబడే ఉంటుంది. రీడ్లు పాడయ్యాయేమో అని పెట్టె రిపేరుకు ఇద్దామనుకుంటున్నట్టు ఒకరు రాశారు. రీడ్లకు ఏమీ కాలేదు, పెట్టె ఇవ్వకండి.

ఈక్వలైజర్‌తో సరిచేయవచ్చు కదా అని అడుగుతారు. కుదరదు. గుంటలో మిగిలిందే లేదు, లేనిదాన్ని పెంచలేరు. పైగా పాడేవాళ్లు కొంచెం ముందుకు వంగితే వాళ్ల గొంతు దూరాలు మారుతాయి, గుంటలు వేరే చోటికి జరుగుతాయి.

పోయినసారి చెప్పిన మూడింతల సూత్రాన్ని (వాద్యానికీ దాని మైకుకూ ఎంత దూరముందో, పక్క మైకు దానికి మూడింతల దూరంలో ఉండాలన్నది) కూడా చాలామంది తప్పు చోట వాడారు. అది పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు దగ్గరి మైకులు పెట్టినప్పటి సంగతి. హార్మోనియం మైకు 30 సెంటీమీటర్లలో ఉంటే డోలక్ మైకు ఆ హార్మోనియం మైకుకు కనీసం 90 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అప్పుడు పక్క మైకులోకి దూరే శబ్దం తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గి ఉంటుంది, గుంటలు మూడు డెసిబెల్స్ చుట్టూనే ఆగిపోతాయి, చెవి ఓర్చుకుంటుంది. జంట మైకులకు, దగ్గరి మైకుకు మధ్య ఈ సూత్రం పనిచేయదు. జంట మైకుల పనే అన్నిటినీ వినడం. హార్మోనియం అందులో గట్టిగానే ఉంటుంది. అక్కడ దూరం కొలిచి మురిసిపోతే లాభం లేదు.

అక్కడ చేయాల్సింది దగ్గరి మైకు ట్రాకును వెనక్కి, అంటే ఆ మేరకు ఆలస్యంగా మోగేట్టు జరపడం. పై ఉదాహరణలో 6.4 మిల్లీసెకన్లు, సెకనుకు 48 వేల శాంపిళ్లు తీసుకునే 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్‌లో దాదాపు 308 శాంపిళ్లు. నేనైతే టేపు పట్టి కొలవను. మే నెలలో నల్లగొండలో 40 డిగ్రీల ఎండ ఉంటే శబ్దం సెకనుకు 355 మీటర్లు నడుస్తుంది, ఆ లెక్క 6.2కు మారిపోతుంది. రికార్డింగ్ మొదట్లో హార్మోనియం రీడ్ల పైచెక్క మీద చిడతలు ఒక్కసారి గట్టిగా కొట్టించండి. రెండు ట్రాకుల్లోనూ ఆ దెబ్బ సూదిలా నిలబడి కనిపిస్తుంది. దగ్గరి మైకు ట్రాకులోని సూదిని జంట మైకుల సూది కిందికి జరిపితే చాలు. చప్పట్లు వద్దు, చప్పట్లకు అంచు పదునుగా రాదు. చిడతలే మేలు.

జరిపాక హార్మోనియం నిండుగా వస్తుంది. అయితే హార్మోనియం మైకులోకి దూరిన డోలు సంగతి? డోలు హార్మోనియం మైకుకు మీటరున్నర దూరంలో, జంట మైకులకు రెండున్నర మీటర్ల దూరంలో ఉందనుకుంటే, మీరు ట్రాకును 2.2 మీటర్ల మేరకు వెనక్కి జరిపారు కాబట్టి ఆ మైకులోని డోలు ఇప్పుడు 3.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. హార్మోనియానికి వైద్యం చేస్తే డోలుకు జబ్బు తగులుకుంది. అందుకే దగ్గరి మైకులోకి డోలు దూరకుండా చూడటం ట్రాకు జరపడం కన్నా ముఖ్యం. కార్డియాయిడ్ మైకు తన వీపు వైపు శబ్దాన్ని చాలా తక్కువ వింటుంది. ఆ వీపును డోలు వైపు తిప్పండి. మైకు హార్మోనియాన్ని చూడటం ఎంత ముఖ్యమో, డోలుకు వీపు చూపడం అంత ముఖ్యం. కుదరకపోతే డోలు వాయించే అన్నను ఒక మూర పక్కకు జరగమని మర్యాదగా అడగండి. మీరూ వాయించేవాళ్లే కాబట్టి ఆ మాట మీ నోట బాగుంటుంది, వాళ్లూ వింటారు.

గొట్టం స్పీకర్లో డోలు మాయమైన సంగతి వేరు. అది రాసినాయన డోలు రెండు ముఖాలకూ రెండు మైకులు పెట్టారు. ఒక ముఖం మీద దెబ్బ పడితే ఆ తోలు లోపలికి, అంటే తన ముందున్న మైకుకు దూరంగా పోతుంది. లోపలి గాలి రెండో ముఖాన్ని బయటికి, అంటే దాని ముందున్న మైకు వైపు నెడుతుంది. ఒక మైకులో అల కిందికి, మరో మైకులో పైకి. ఇయర్‌ఫోన్‌లో ఒకటి ఎడమ చెవికి, ఇంకోటి కుడి చెవికి పోయింది కాబట్టి తెలియలేదు. గుడి స్పీకరు మోనో, రెండూ ఒకే తీగలో కలిసి గంభీరమైన అడుగు నాదమంతా పోయింది. రెండింటిలో ఒక ట్రాకుకు పోలారిటీ తిప్పే, అంటే అలను తలకిందులు చేసే మీట నొక్కాలి, అంతే. డప్పుకు ముందొకటి వెనకొకటి పెట్టినా ఇదే. ఒగ్గు కథ బృందాల్లో నాలుగైదు డోళ్లు ఒకేసారి మోగుతుంటే ముఖానికొక మైకు పెట్టాలనిపిస్తుంది. వద్దు. డోళ్లన్నింటికీ కలిపి ఎత్తులో ఒక జంట చాలు.

జంట ఎలా పెట్టాలన్న దాంట్లో నా ఇష్టం చెబుతాను. ఇయర్‌ఫోన్‌లో వినేవాళ్ల కోసమైతే ఫ్రాన్సు రేడియోవాళ్ల ఓఆర్‌టీఎఫ్ పద్ధతి, రెండు కార్డియాయిడ్ల మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కోణం. చెక్కపట్టీ మీద ఆ కొలతకు రంధ్రాలు వేసి పెట్టుకుంటే ఎక్కడికి పోయినా కొలిచే పనిలేదు. కానీ ఆ పాట ఊరి స్పీకర్లో మోగేదైతే ఎక్స్‌వై పెడతాను. రెండు మైకుల మూతులూ ఒకే చోట ఉంటాయి, కాబట్టి మోనోలో కలిపినా కాలం తేడా రాదు. ఓఆర్‌టీఎఫ్‌లో బాగా పక్కన కూర్చున్న తాళాలకు ఆ 17 సెంటీమీటర్ల తేడా మోనోలో గుంటలు పెడుతుంది. మన పల్లెల్లో పాట వినేది ఎక్కువగా గుడి స్పీకర్లోనూ, ఫోను అడుగున ఉన్న చిన్న స్పీకర్లోనూ. వాళ్లను మరిచి రికార్డు చేయడం నాకు ఇష్టం ఉండదు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం లాంటి రాతి మంటపాల్లో జంట మైకులు రెండున్నర మీటర్ల దూరంలో పెడితే మాటలు ప్రతిధ్వనిలో కరిగిపోతాయి. మీటరున్నరకు రండి. అంతకన్నా ఎక్కువ చెప్పాలంటే అదే ఒక పాఠం.

నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగిలయ్య గారికి 2022లో, నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లు వాయించే పన్నెండు మెట్ల కిన్నెరను, బుర్రవీణను ఎలా రికార్డు చేయాలని కొందరు అడిగారు. వాయిస్తూ పాడే ఒక్క మనిషికి గొంతుకొకటి, బుర్రలకొకటి రెండు మైకులు పెట్టకండి. రెండు మైకులూ రెండింటినీ వింటాయి. ఆయన తల ఊపినప్పుడల్లా గుంటలు కదిలి, గొంతు రంగు పదే పదే మారుతుంది. నోటికీ బుర్రలకూ మధ్య ఎత్తులో, 50 లేదా 60 సెంటీమీటర్ల దూరంలో ఒకే ఒక్క మంచి మైకు పెట్టండి. గొంతు ఎక్కువైతే మైకు కిందికి దించండి, కిన్నెర ఎక్కువైతే పైకి ఎత్తండి. మిక్సర్ మీద లెవల్ పెంచి తగ్గించే ఫేడర్ చేసే పని అక్కడ స్టాండు చేస్తుంది.

ఈసారి పని కొంచెం కష్టంగానే ఉంటుంది. బృందం వద్దు, హార్మోనియం ఒక్కటి చాలు. 30 సెంటీమీటర్లలో ఒక మైకు, రెండున్నర మీటర్లలో ఒక మైకు. ముందు చిడతల దెబ్బ. తర్వాత ఒకటి శ్రుతిలో మంద్ర షడ్జం నుంచి తార షడ్జం దాకా పన్నెండు స్వరస్థానాలూ ఒక్కొక్కటి నెమ్మదిగా, ఒకే బలంతో నొక్కండి. సూదులు సరిగా కలిపి, లెవల్ సమానం చేసి, మోనోలో వినండి. అక్కడి నుంచి దగ్గరి ట్రాకును 1 మిల్లీసెకను, 1.5, 2, 3 చొప్పున జరుపుతూ ప్రతిసారీ ఏ స్వరం సన్నబడిందో చెవితోనే పట్టుకుని నోటు పుస్తకంలో రాయండి. తెర మీద గ్రాఫు చూడకూడదు. రాసిన తర్వాత 500ను మిల్లీసెకన్లతో భాగించి మొదటి గుంట ఎక్కడో లెక్క వేయండి. 1.5కు 333 వస్తుంది, మీ పుస్తకంలో మధ్య స్థాయి అంతర గాంధారం ఉండాలి. మిగతావి నేను చెప్పను.

ఆ తర్వాత ఇదంతా డోలక్‌తో, మైకులు రెండు ముఖాలకూ పెట్టి, పోలారిటీ తిప్పి ఒకసారి, తిప్పకుండా ఒకసారి. ఫైళ్లతో పాటు నోటు పుస్తకం పేజీ ఫొటో కూడా పంపండి. మీ చెవికీ లెక్కకూ కుదరకపోతే చిడతలు ఎక్కడ కొట్టారో ముందు చూసుకోండి. కొట్టాల్సింది తిత్తి దగ్గర కాదు, రీడ్ల పైచెక్క మీద.