కెనడా పీఆర్: స్కోరు సరే, మీ రిఫరెన్స్ లెటర్ సంగతేంటి?

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం నైపుణ్యం ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ గురించి ఎవరిని కదిపినా ముందు స్కోరు లెక్కలే చెబుతారు. ఇంగ్లిష్ టెస్టుకి ఎంత, వయసుకి ఎంత, మాస్టర్స్ ఉంటే ఎంత. ఆ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు, కెనడా ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా క్యాలిక్యులేటర్ ఉంది. కానీ దరఖాస్తు పెట్టుకోమని ప్రభుత్వం పంపే ఇన్విటేషన్ చేతికొచ్చాక కూడా దరఖాస్తు వెనక్కి వచ్చినవాళ్లని, తిరస్కరించారని బాధపడుతున్నవాళ్లని అడిగి చూడండి. చాలాసార్లు వ్యవహారం ఒక్క కాగితం దగ్గర ఆగి ఉంటుంది. అది పని చేసిన కంపెనీ ఇచ్చిన లెటర్. దీని గురించి ముందే చెప్పే కన్సల్టెన్సీలు తక్కువ, డబ్బు కట్టాక చెప్పేవి ఎక్కువ, కొన్నైతే "లెటర్ సంగతి మాకు వదిలేయండి" అంటాయి. ఆ మాట ఎంత ప్రమాదమో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆ లెటర్‌కి ఇప్పుడు ఇంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే ఎంపిక పద్ధతి ఎలా మారిందో కొంచెం చూడాలి. కెనడా 1967లోనే పాయింట్ల పద్ధతి తెచ్చింది. చాలా ఏళ్లు అది ఎలా నడిచిందంటే, కావలసిన పాయింట్లు ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుని వరసలో ఎదురుచూసేవాళ్లు, ఆ వరస పెరిగి పెరిగి ఏళ్లకు ఏళ్లు పట్టేది. ముందు ఆసక్తి తెలపండి, మేం పిలిస్తేనే దరఖాస్తు పెట్టండి అనే పద్ధతిని న్యూజిలాండ్ 2003లో మొదలుపెట్టింది, ఆస్ట్రేలియా 2012 జులైలో స్కిల్‌సెలెక్ట్ పేరుతో, కెనడా 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పేరుతో అదే దారి పట్టాయి. అంటే అర్హత ఉంటే చాలదు, మిగతావాళ్లకంటే ముందుండాలి.

2023లో కెనడా ఇంకో మలుపు తిరిగింది. అందరినీ ఒకే స్కోరుతో పోల్చి పైనున్నవాళ్లని పిలిచే విడతలతో (వీటినే డ్రాలు అంటారు) పాటు, ఫలానా వృత్తులవాళ్లకి, ఫ్రెంచ్ బాగా వచ్చినవాళ్లకి విడిగా డ్రాలు తీయడం మొదలుపెట్టింది. వైద్యం, సైన్స్-టెక్నాలజీ, ప్లంబింగ్ లాంటి నైపుణ్య వృత్తులు (ట్రేడ్స్) లాంటివి ఆ కేటగిరీలు. ఇవి ఎప్పటికీ ఒకేలా ఉండవు. 2025 ఫిబ్రవరిలో విద్యారంగాన్ని చేర్చారు, సైన్స్-టెక్నాలజీ జాబితాని బాగా కుదించారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, డెవలపర్లు, డేటా సైంటిస్టుల వృత్తులు అందులోంచి పోయాయి, సైబర్ సెక్యూరిటీ మిగిలింది. మనవాళ్లలో ఎంతమందికి ఇది తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ వెంటనే 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కి ఇచ్చే 50 లేదా 200 పాయింట్లు కూడా తీసేశారు. కాబట్టి "ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, స్కోరు పెరుగుతుంది" అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాటలు ఆపేయండి. ఉద్యోగం అమ్మడం ఎప్పుడూ చట్టవిరుద్ధమే, ఇప్పుడు ఆ పాయింట్లు కూడా లేవు.

ఇక విధానం. తెలిసిన మెట్లు గబగబా చెప్పేస్తాను. భాష పరీక్ష రాయాలి. ఐఈఎల్‌టీఎస్ అయితే జనరల్ ట్రైనింగ్, అకడమిక్ పనికిరాదు. సెల్పిప్ జనరల్ అనే ఇంగ్లిష్ పరీక్షని, 2024 జనవరి చివరి నుంచి పీటీఈ కోర్ అనే పరీక్షని కూడా ఒప్పుకుంటున్నారు, ఫలితం 2 ఏళ్లు చెల్లుతుంది. విదేశీ డిగ్రీకి ఈసీఏ రిపోర్టు, అంటే ఆ డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే రిపోర్టు, తెప్పించుకోవాలి, అది 5 ఏళ్లు చెల్లుతుంది. ఈ రెండూ వచ్చాక ఆన్‌లైన్లో ప్రొఫైల్ పెట్టాలి. ప్రొఫైల్ పెట్టడానికి ప్రభుత్వం ఒక్క డాలరు కూడా తీసుకోదు. అది ఏడాది పాటు పూల్‌లో, అంటే పిలుపు కోసం ఎదురుచూసే ప్రొఫైళ్ల జాబితాలో ఉంటుంది. పిలుపు వస్తే 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు, ఫీజుతో సహా పెట్టేయాలి. గత 10 ఏళ్లలో వరసగా 6 నెలలు అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచి పోలీస్ సర్టిఫికెట్ కావాలి, 18 ఏళ్లు నిండకముందు ఉన్న కాలానికి అక్కర్లేదు. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా ముందే చేయించుకుని దరఖాస్తుతో జతచేయాలి, మునుపటిలా వాళ్లు చెప్పేదాకా ఆగడం లేదు. కెనడా బయట నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లు చాలామంది డబ్బు కూడా చూపించాలి. బ్యాంకు లెటర్‌లో అకౌంటు ఎప్పుడు తెరిచారు, ఇప్పుడు ఎంత ఉంది, 6 నెలల సగటు నిల్వ ఎంత, అప్పులేమైనా ఉన్నాయా అన్నీ ఉండాలి. చివరి వారంలో ఎవరి దగ్గరో తెచ్చి వేసిన డబ్బు లెక్కలోకి రాదు, అప్పు చేసి చూపించకూడదని నియమంలోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఉద్యోగం మానేసినప్పుడు కంపెనీ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్ మామూలుగా ఎలా ఉంటుంది? "వీరు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మా సంస్థలో టెక్నాలజీ లీడ్‌గా పనిచేశారు. వీరి ప్రవర్తన సంతృప్తికరంగా ఉంది. భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం." కింద సంతకం, స్టాంపు. ఇంకో ఉద్యోగానికి ఇది సరిపోతుంది. ఇమిగ్రేషన్ ఆఫీసర్‌కి ఇందులో తేదీలు తప్ప ఏమీ దొరకవు. టెక్నాలజీ లీడ్ అంటే కోడ్ రాసేవాడా, టీమ్ నడిపేవాడా, సర్వర్లు చూసుకునేవాడా? వారానికి ఎన్ని గంటలు? జీతం ఎంత? ఇవేవీ లేవు.

వాళ్లు అడిగే రిఫరెన్స్ లెటర్ వేరు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి, కంపెనీ చిరునామా, ఫోన్, ఈమెయిల్ ఉండాలి, మీ పైఅధికారి గానీ హెచ్‌ఆర్ గానీ పేరు, హోదా రాసి సంతకం చేయాలి. మీరు చేసిన ప్రతి హోదా, దాని తేదీలు, ఆ హోదాలో చేసిన పనులు, వారానికి పనిగంటలు, ఏడాది జీతం, ఇతర ప్రయోజనాలు రాయాలి. ఎక్కువమంది లెటర్లలో కనపడనివి రెండు: పనిగంటలు, చేసిన పనులు. వారానికి 30 గంటలు చేస్తేనే ఫుల్‌టైమ్ అంటారు, ఏడాదికి 1,560 గంటలు లెక్క. వారానికి 50 గంటలు చేశామని ఏడాది పనిని ఏడెనిమిది నెలల్లో చూపించడం కుదరదు. ఒకే కంపెనీలో మూడు ప్రమోషన్లు వచ్చి ఉంటే మూడు హోదాలకీ విడివిడిగా తేదీలు, పనులు రాయించుకోండి. చివరి హోదా ఒక్కటే రాసి మొత్తం సర్వీసు దాని కింద వేసేస్తే మీకే నష్టం.

చేసిన పనులు అన్నచోట ఎందుకంత పట్టుబడతారంటే, మీ వృత్తి ఏదో తేల్చేది మీ హోదా పేరు కాదు, ఆ పనులే. నేషనల్ ఆక్యుపేషనల్ క్లాసిఫికేషన్ అని కెనడాకి ఒక పట్టిక ఉంది, అందరూ ఎన్‌ఓసీ కోడ్ అంటుంటారు. అందులో 21231 సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, డిజైనర్లు, 21232 సాఫ్ట్‌వేర్ డెవలపర్లు, 21220 సైబర్ సెక్యూరిటీ, 31301 రిజిస్టర్డ్ నర్సులు. ప్రతి కోడ్ కింద ఆ వృత్తివాళ్లు ఏం చేస్తారో రాసి ఉంటుంది. మీ లెటర్‌లోని పనులు దానికి సరిపోవాలి. "ప్రాజెక్టు బాధ్యతలు సమర్థంగా నిర్వహించారు" అని రాస్తే దేనికీ సరిపోదు. "పేమెంట్ మాడ్యూల్‌కి జావాలో కోడ్ రాశారు, టెస్టింగ్‌లో బయటపడ్డ లోపాలు సరిదిద్దారు, రిలీజ్ డాక్యుమెంట్లు తయారుచేశారు" అని రాస్తే ఎవరు చదివినా ఆ మనిషి పొద్దున్నుంచి ఏం చేశాడో అర్థమవుతుంది. అలాగని ఎన్‌ఓసీ పేజీలో ఉన్న వాక్యాలు మక్కీకి మక్కీ దించేయకండి. అలాంటి లెటర్లు ఆఫీసర్లు రోజూ చూస్తుంటారు, అనుమానం అక్కడే మొదలవుతుంది. మీ పని మీ మాటల్లో రాసి మేనేజర్‌కి డ్రాఫ్ట్ పంపండి, ఆయన సరిచూసి సంతకం చేస్తారు. ఇందులో తప్పేమీ లేదు, రాసింది నిజమైతే చాలు.

కేటగిరీలు వచ్చాక ఇక్కడే ఒక ప్రలోభం కూడా మొదలైంది. "మీ కోడ్ జాబితాలో లేదు కదా, సైబర్ సెక్యూరిటీ కింద పెడదాం, లెటర్ మేం చేయిస్తాం" అనే ఏజెంట్ల మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. సెక్యూరిటీ ప్యాచ్‌లు రెండుసార్లు వేసినంత మాత్రాన మీరు సైబర్ సెక్యూరిటీ స్పెషలిస్టు అయిపోరు. ఆఫీసర్ కంపెనీకి ఫోన్ చేయొచ్చు, మెయిల్ పెట్టొచ్చు. మీ జీతం స్లిప్‌లో ఒకటి, పాత వీసా దరఖాస్తులో ఒకటి, ఈ లెటర్‌లో ఇంకొకటి ఉంటే వివరణ అడుగుతారు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద 5 ఏళ్ల నిషేధం. "నాకు తెలియదు, ఏజెంట్ పెట్టాడు" అన్నా బాధ్యత మీదే, దరఖాస్తు మీ పేరు మీద ఉంది కాబట్టి. స్కోరు తక్కువైతే మళ్లీ ప్రయత్నించొచ్చు, ఈ మచ్చ పడితే తర్వాత వేరే వీసాకి వెళ్లినా ఆ ప్రశ్న వస్తూనే ఉంటుంది. నిజంగానే మీ పని రెండు కోడ్‌ల మధ్య ఉంటే అది వేరే విషయం. ఎక్కువ సమయం దేనికి పోయిందో చూసుకుని ఆ కోడ్ తీసుకోండి.

మరి కంపెనీ ఇలాంటి లెటర్ ఇవ్వనంటే? పెద్ద కంపెనీలు చాలావరకు తమ ఫార్మాట్ దాటవు, కొన్ని మూతపడి ఉంటాయి. దీనికి టెన్షన్ పడి దొంగ లెటర్ వైపు వెళ్లాల్సిన పనే లేదు. లెటర్ ఎందుకు రాలేదో ఒక వివరణ లేఖ రాయండి, మీరు హెచ్‌ఆర్‌ని అడిగిన మెయిల్, వాళ్లు కుదరదన్న జవాబు జతచేయండి. దాంతోపాటు కంపెనీ ఇచ్చిన మామూలు సర్టిఫికెట్, ఆఫర్ లెటర్, పేస్లిప్‌లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, టాక్స్ కాగితాలు పెట్టండి. చేసిన పనుల గురించి పాత మేనేజర్ తన సొంత పేరుతో, తన ఫోన్ నంబరుతో రాసిచ్చిన లెటర్ కూడా జతచేయండి. అది కంపెనీ లెటర్‌కి బదులు కాదు, తోడు మాత్రమే, కానీ మిగతా ఆధారాలు గట్టిగా ఉంటే ఆఫీసర్ దాన్ని పరిశీలిస్తారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం, అందుకే ఎంత ఎక్కువ ఆధారం ఉంటే అంత మేలు. ఇవన్నీ కలిపి ఆ ఉద్యోగం కింద ఒకే పీడీఎఫ్‌గా పెట్టండి. పేరోల్ ఒక కంపెనీలో, పని ఇంకో క్లయింట్ దగ్గర అయితే లెటర్ జీతం ఇచ్చిన కంపెనీ నుంచే తీసుకోండి, క్లయింట్ దగ్గరి మేనేజర్ మాట దానికి బలం.

సాయం కావాలనుకుంటే తీసుకోండి, తప్పులేదు. కానీ డబ్బు తీసుకుని మీ తరఫున వ్యవహరించే హక్కు కెనడా లాయర్లకి, అక్కడి లా సొసైటీలో సభ్యులైన పారాలీగల్స్‌కి, క్యూబెక్ నోటరీలకి, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీలో సభ్యత్వం ఉన్నవాళ్లకి మాత్రమే ఉంది. ఆ సభ్యుల జాబితా ఆన్‌లైన్లో ఎవరైనా వెతుక్కోవచ్చు. పేరు అందులో లేదంటే ఆఫీసు ఎంత పెద్దదైనా వదిలేయండి. మీ ప్రొఫైల్ పాస్‌వర్డ్ ఎవరి చేతికీ పూర్తిగా ఇచ్చేయకండి, ఏం అప్‌లోడ్ చేశారో సబ్మిట్ చేసేముందు ప్రతి కాగితం తెరిచి మీరే చదవండి. ఏజెంటు ద్వారా వెళ్తే త్వరగా అవుతుందన్న మాట నిజం కాదు.

లెటర్ అడగడానికి ఇన్విటేషన్ దాకా ఆగొద్దు. 60 రోజులు చాలా ఉన్నట్టు అనిపిస్తాయి, హెచ్‌ఆర్ వాళ్లు మూడు వారాలు జవాబివ్వకపోతే, పాత మేనేజర్ వేరే దేశం వెళ్లిపోయి ఉంటే ఇట్టే అయిపోతాయి. ప్రొఫైల్ పెట్టకముందే, వీలైతే ఉద్యోగం మానే వారంలోనే అడిగి దగ్గర పెట్టుకోండి. ఒకవేళ పిలుపొచ్చి గడువులోగా కాగితాలు అందవని ఖాయంగా తెలిస్తే, సగం దరఖాస్తు పెట్టకండి. కావలసిన కాగితం లేదని దాన్ని వెనక్కి పంపేస్తే ఆ పిలుపు పోతుంది. దానికంటే గడువు ముగియకముందే ఇన్విటేషన్‌ని డిక్లైన్ చేయండి. అలా చేస్తే అర్హత ఉన్నంతవరకు ప్రొఫైల్ మళ్లీ పూల్‌లోకి వెళ్తుంది, ఊరికే వదిలేస్తే మాత్రం కొత్తగా ప్రొఫైల్ పెట్టుకోవాల్సి వస్తుంది.