ఇంట్లోనే జ్ఞాపకశక్తి ప్రయోగం ఎలా చేయాలి?

మనసు ఎలా ఆలోచిస్తుందో, ఎలా గుర్తుంచుకుంటుందో చూసే కాగ్నిటివ్ సైకాలజీలో ఎవరికి ఎంత గుర్తుందన్నదానికంటే, ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నదే ఆసక్తికరమైన ప్రశ్న. అది తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. తిరుపతిలో మీ వీధిలోనే పదిమందిని పోగుచేసుకుంటే, కాగితం, పెన్ను, సెకన్లు చూపించే ఫోన్ చాలు.

ముందు 15 పదాలు రాసుకోండి: గొడుగు, చెరువు, పలక, నిమ్మకాయ, తాళం, దుప్పటి... ఇలా ఒకదానితో ఒకటి పొంతన లేనివి. అసలు మెలిక ఇక్కడే ఉంది. అలిపిరి, గాలిగోపురం, మోకాళ్ల పర్వతం అని ఇచ్చారనుకోండి, నాలుగుసార్లు కొండకు నడిచి వెళ్లినవాళ్లు వరస తప్పకుండా అప్పజెప్పేస్తారు. వాళ్లు చెప్పేది పాత పరిచయంతో, ఇప్పుడు విన్నదాన్ని బట్టి కాదు. ఈ చిక్కు తప్పించుకోవడానికే జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు తయారుచేసుకుని, తనమీదే ప్రయోగాలు చేసి, 1885లో ఫలితాలు ప్రచురించారు. మనకంత ఓపిక వద్దులెండి, మామూలు మాటలు చాలు.

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. "ఇది పరీక్ష కాదత్తా, ఎన్ని చెప్పినా పర్వాలేదు" అని ముందే చెప్పాలి. లేకపోతే టెన్షన్‌లోనే సగం పోతాయి. ఇష్టం లేదన్నవాళ్లను బలవంతపెట్టొద్దు. రెండు సెకన్లకో పదం చొప్పున చదవండి. మనిషి మారినప్పుడల్లా పదాల వరస మార్చండి.

చదవడం మొదలుపెట్టకముందే చీటీలు వేసి రెండు జట్లు చేయండి. ఒక జట్టు వినగానే, గుర్తొచ్చిన వరసలో చెప్పాలి. రెండో జట్టు 30 సెకన్లపాటు 397, 394, 391 అంటూ మూడేసి తగ్గిస్తూ బయటికి వినిపించేలా లెక్కపెట్టి, ఆ తర్వాత చెప్పాలి.

చదివిన వరసలో ఎన్నో పదం ఎంతమందికి గుర్తొచ్చిందో గ్రాఫు గీయండి. మొదటి జట్టులో సాధారణంగా మొదటి పదాలు, చివరి పదాలు బాగా వస్తాయి, మధ్యవి పోతాయి. రెండో జట్టులో మొదటివి నిలుస్తాయి కానీ చివరివాటి జోరు ఉండదు. 1966లో గ్లాంజర్, కునిట్జ్ అనే పరిశోధకులు చూపించింది ఇదే. మొదటివాటిని లోలోపల మళ్లీ మళ్లీ అనుకునే వీలుంటుంది. చివరివి ఇంకా స్వల్పకాలిక జ్ఞాపకంలోనే ఉండగా లెక్కలు వచ్చి తోసేస్తాయి. ఈ వివరణమీద తర్వాత చాలా వాదనలే నడిచాయి. పదిమందితో గీసిన గీత వంకరటింకరగా వస్తే కంగారొద్దు, ఇంకో ఇరవైమందిని అడగండి.

జాబితాలో లేని పదం చెబితే కొట్టేయకుండా పక్కన రాసుకోండి. దుప్పటి విన్నవాళ్లు దిండు అనొచ్చు. అంటే శబ్దం పోయినా, దాని చుట్టూ ఉన్న అర్థం మిగిలిందన్నమాట. తాళం బదులు బీగం అంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం మొదలుపెట్టకముందే తేల్చుకోండి.