ఇంగ్లిష్ నామవాచకం ఏ రకమో పోల్చుకోవడం ఎలా?

నామవాచకాలు ప్రాపర్ (ఒక్కరికి లేదా ఒక్కదానికి చెందిన సొంత పేరు), కామన్ (ఆ జాతికంతటికీ చెల్లే పేరు), కలెక్టివ్ (గుంపు పేరు), మెటీరియల్ (పదార్థం పేరు), అబ్‌స్ట్రాక్ట్ (గుణం లేదా స్థితి పేరు) అని ఐదు రకాలుగా బడిలో బట్టీ పట్టినవారు కూడా వాక్యంలో పదం ఎదురయ్యేసరికి తడబడతారు. పదం ఒక్కటే అయినా వాడుకను బట్టి దాని రకం మారుతుంది కనుక, జాబితాను గుర్తు తెచ్చుకోవడం కన్నా వాక్యాన్ని చూడడం మేలు.

ముందుగా ఆ పదం అసలు నామవాచకమో కాదో తేల్చుకోవాలి. ‘ఐ డ్రింక్ వాటర్’లో వాటర్ నామవాచకం, ‘ఐ వాటర్ ద ప్లాంట్స్’లో అదే పదం నీళ్లు పోయడమనే క్రియ.

ప్రాపర్ నౌన్ వాక్యం మధ్యలో వచ్చినా పెద్దబడి (క్యాపిటల్) అక్షరంతోనే మొదలవుతుంది. మన లిపిలో ఆ భేదం లేకపోవడం వల్ల కాబోలు, వారాల పేర్లనూ నెలల పేర్లనూ చాలామంది చిన్నబడిలో రాసేస్తుంటారు. అయితే పెద్దబడి ఒక్కటే ఆనవాలు కాదు; ‘ఇండియన్ ఫుడ్’లో ఇండియన్ విశేషణం.

అబ్‌స్ట్రాక్ట్ నౌన్‌కు తెలుగే దారి చూపుతుంది. మంచితనం గుడ్‌నెస్ అయినట్లు, చిన్నతనం చైల్డ్‌హుడ్ అయినట్లు, మన ‘తనం’, ‘త్వం’ చేసే పనిని అక్కడ నెస్, హుడ్, షిప్ వంటి ప్రత్యయాలు చేస్తాయి.

అసలు చిక్కంతా లెక్కపెట్టగలిగేవి, లెక్కపెట్టలేనివి అన్న విభజనలో ఉంది. పేపర్ అంటే కాగితమనే పదార్థమైనప్పుడు దానికి ముందు ‘ఎ’ రాదు. వార్తాపత్రికో ప్రశ్నపత్రమో అయితే ‘ఎ పేపర్’ అనవచ్చు. పైగా ఇక్కడ తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ‘పాలు విరిగాయి’, ‘నీళ్లు కాగాయి’ అని మనం బహువచనంలో అంటే, మిల్క్, వాటర్ ఇంగ్లిష్‌లో ఏకవచనాలు. సలహాలు, సామాన్లు అనే అలవాటుతోనే అడ్వైస్, లగేజ్ పదాలకు చివర ‘ఎస్’ తగిలిస్తాం. న్యూస్ చివర ‘ఎస్’ ఉన్నా ‘ద న్యూస్ ఈజ్’ అనే అనాలి. అనుమానం వస్తే ముందు ‘మెనీ’ పెట్టి చూడాలి: ‘మెనీ చెయిర్స్’ కుదురుతుంది, ‘మెనీ ఫర్నిచర్’ కుదరదు, అక్కడ ‘మచ్ ఫర్నిచర్’ అనాలి. లెక్క చెప్పక తప్పనప్పుడు ‘టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్’ అంటారు.

కలెక్టివ్ నౌన్ గుంపును ఒకే పేరుతో చెబుతుంది. ‘ద టీమ్ ఈజ్’ అనడం అమెరికాలో రివాజు. బ్రిటన్‌లో సభ్యులను విడివిడిగా తలచినప్పుడు ‘ద టీమ్ ఆర్’ అని కూడా అంటారు. పోలీస్ అనే పదానికి మాత్రం ఎక్కడైనా బహువచన క్రియే వస్తుంది. అందువల్ల ‘పోలీసు వచ్చాడు’ అన్న మన మాటను ‘ఎ పోలీస్ కేమ్’ అనకుండా, ‘ఎ పోలీస్ ఆఫీసర్ కేమ్’ అని రాయాలి.