గ్లెండలాక్ అడవిలో నడకకు ముందు

ఐర్లాండ్‌లో డబ్లిన్‌కి దక్షిణాన, విక్లో కొండల్లో ఉందీ లోయ. గ్రీన్ రోడ్ దారి దాదాపు 3 కి.మీ., చదునుగా ఉంటుంది. పిల్లలతోనూ హాయిగా నడవొచ్చు.

• చెప్పులొద్దు, బూట్లే. ఓక్ చెట్ల కింద తడి ఆకులు, చెక్క బాట సబ్బు రాసినట్టు జారతాయి.

• ఎండ చూసి మోసపోకండి. రెయిన్‌కోటు సంచిలో ఉండాలి. గొడుగా? గాలికి తిరగబడుతుంది.

• గడ్డిలో, పొదల్లో పిడుదులుంటాయి, అవి కుడితే లైమ్ అనే బాక్టీరియా జబ్బు రావచ్చు. ప్యాంటు అంచు సాక్సులోకి దోపండి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో వెతకండి. అతుక్కుని ఉంటే నలపకుండా, సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి.

• ఇక్కడి పాత క్రైస్తవ మఠంలో 30 మీటర్ల ఎత్తున్న రాతి గోపురం చుట్టూ ఉన్నవి సమాధులు. ఫొటోల కోసం వాటి మీద కూర్చోవద్దు.

• డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది. పెందలాడే బయల్దేరండి.

• ప్రమాదమైతే 112.