రిసార్టులో మిర్చి సదస్సు: వ్యాపారి ఆ రోజును ఎలా వాడుకోవాలి

గుంటూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారి పక్కనున్న ఏదో ఒక రిసార్టులో మిర్చి రంగం సదస్సు జరుగుతుందని ఆహ్వానం అందినప్పుడు, కమీషన్ వ్యాపారుల్లోనూ శీతల గిడ్డంగుల యజమానుల్లోనూ చాలామంది దాన్ని సగం విహారయాత్రగా లెక్కవేసుకొని చేతులూపుకుంటూ వెళ్తారు. ఎగుమతిదారులు, మసాలా కంపెనీల కొనుగోలు అధికారులు, ఓలియోరెజిన్ (మిర్చి నుంచి తీసే రంగు, కారాల చిక్కటి సారం) తయారీదారులు ఒకే ప్రాంగణంలో దొరికే రోజు అది. అక్కడ పని ప్రసంగాల్లో కంటే టీ విరామాల్లోనే ఎక్కువగా జరుగుతుంది కాబట్టి, సన్నాహమంతా ఆ విరామాల కోసమే చేసుకోవాలి.

మొదట మచ్చు, అంటే సరకు నమూనా, సంగతి చూడండి. మీ దగ్గరున్న తేజ, 334 వంటి మిర్చి రకాల్లో అమ్మదలచిన ప్రతి లాటు నుంచి, పై బస్తా ఒక్కదాన్నే కాక నాలుగైదు టిక్కీలను (మిర్చి బస్తాలను) విప్పించి, అడుగు కాయ కూడా కలిసేలా తీసి, పారదర్శకమైన కవరులో వేసి గట్టిగా మూయాలి. తాలు కాయలను (రంగు పోయిన నాసి కాయలను) ఏరేసిన మచ్చు చూపితే ఆ రోజు మెప్పు దొరకవచ్చు గానీ, సరకు దిగిన రోజున బేరం తిరగబడుతుంది. కవరు మీద రకం పేరు, పంట సంవత్సరం, గిడ్డంగిలో పెట్టిన నెల, తేమ శాతం, తొడిమ ఉన్నదా తీసినదా అన్న వివరాలు రాయాలి. ఏసీ హాలులో మాత్రం ఆ కవరు విప్పకండి. ఒక్కరు విప్పితే మూడు వరసలు దగ్గుతాయి, వక్త కూడా ఆగిపోవలసి వస్తుంది.

మచ్చు ఒక్కటే చాలదు. మిర్చి యార్డులో కాయను అరచేతిలో తిప్పి, విరిచి, గింజల గలగల విని, వేలికంటిన రంగు చూసి ధర చెప్పగలిగిన అనుభవానికి తిరుగులేదు కానీ, ఎగుమతికి కొనేవారు రంగును ఆస్టా విలువలోనూ (రంగు గాఢతకు కొలమానం) కారాన్ని ఎస్‌హెచ్‌యూలోనూ (స్కోవిల్ కారం కొలత) అడుగుతారు. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది కాబట్టి, సదస్సుకు తగినంత ముందుగా పరీక్ష చేయించుకొని నివేదిక నకళ్లు వెంట తీసుకెళ్లాలి. అన్నిటికంటే ముందు అడిగేది అఫ్లటాక్సిన్ అనే బూజు విషం గురించే. ఐరోపా సమాఖ్య మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం మీద 10 మైక్రోగ్రాములు మించకూడదని పరిమితి పెట్టింది. తడి ఆరని కాయను కుప్ప వేసినప్పుడు పట్టే బూజు వల్ల ఈ విషం పుడుతుంది. పైకి ఎర్రగా మెరిసే కాయను చీల్చినప్పుడు లోపల బూజు కనిపించడం మనవారికి కొత్తేమీ కాదు. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ 1 అనే నిషిద్ధ రంగు ఫ్రాన్సులో బయటపడిన తరువాత కొనుగోలుదారులు మాట మీద కాక కాగితం మీద నమ్మకం పెడుతున్నారు, వారిని తప్పు పట్టలేం.

ప్రయాణం విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: గుంటూరు–విజయవాడ నాన్‌స్టాప్ బస్సులు మధ్యలో ఆగవు కాబట్టి, సొంత వాహనం లేనివారు మంగళగిరి వైపు ఆగే బస్సును ఎంచుకొని, రహదారి నుంచి రిసార్టు దాకా ఆటో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

ప్రసంగాలన్నిటికీ కూర్చోనవసరం లేదు. ధరల అంచనా చెప్పే సమావేశానికి హాలు నిండుతుంది గానీ, యార్డులో రోజూ తిరిగేవారికి తెలియని ముక్క అందులో అరుదుగా దొరుకుతుంది. పురుగుమందుల అవశేషాలు, దిగుమతి దేశాల నిబంధనల మీద జరిగే సమావేశానికి మాత్రం తప్పక వెళ్లి, ఏ మందు వాడిన సరకు ఏ దేశంలో తిరస్కరణకు గురవుతుందో అడిగి రాసుకోవాలి. రైతుకు వచ్చే పంటకాలానికి చెప్పవలసిన మాట అక్కడే దొరుకుతుంది. అదే సమయంలో హాలు బయట ఖాళీగా నిలబడిన కొనుగోలు అధికారి కనిపిస్తే, ఆ సమావేశాన్ని సగంలో విడిచి రావడం కూడా తప్పు కాదు.

భోజనాల వేళ వరుసలో నిలబడి బేరం మాట్లాడవద్దు. ముందు పరిచయం చేసుకొని, వారికి ఏ రకం, ఎంత పరిమాణం, ఏ నెలలో కావాలో కనుక్కొని, తరువాతి టీ విరామంలో చెట్టు నీడకు తీసుకెళ్లి పగటి వెలుతురులో మచ్చు చూపాలి. హాలు దీపాల కింద ఎరుపు నమ్మదగ్గది కాదు. నచ్చితే అదే మచ్చును రెండు కవర్లలో పంచి, ఇద్దరి సంతకాలతో అతికించి చెరొకటి ఉంచుకోవాలి. సరకు దిగాక తగాదా వస్తే దానితోనే సరిచూడవచ్చు.

సాయంత్రం ఈతకొలను పక్కన పాటలు, విందు ఉంటాయి. ఉండాలో వద్దో మీ ఇష్టం, ధర మాత్రం అక్కడ ఖాయం చేయకండి. మరునాడు యార్డులో లావాదేవీలు మొదలయ్యేలోపు, మాట్లాడిన ప్రతి ఒక్కరికీ లాటు వివరాలు, నివేదిక ఫొటో, ధర ఎప్పటి వరకు చెల్లుతుందో వాట్సాప్‌లో పంపండి.