ఒడిశాలోని రాయగడలో మొదటి ఇల్లు: వయసు లెక్క ఎలా వేసుకోవాలి

"ఇంకా అద్దె ఇంట్లోనేనా?" అని అడిగే మావయ్య ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా మావయ్య ఏటా చైత్ర జాతరకి పార్వతీపురం నుంచి వచ్చి, మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, నేరుగా మా ఇంటికొచ్చి ఆ మాట అడిగి వెళ్తాడు. ఆయన సొంతిల్లు కట్టింది రిటైర్మెంట్‌కి రెండేళ్ల ముందు, అదీ పీఎఫ్ డబ్బుతో. ఆ సంగతి మాత్రం ఎత్తడు.

నేను 38వ ఏట కొన్నాను. 29లోనే కొనేసేవాణ్ణి, ఎందుకు ఆగిపోయిందో కింద చెప్తా.

ముందు వయసు సంగతి. ఎన్నేళ్లకి కొనాలి అని కాదు, ఏ వయసుకి చివరి కిస్తీ కట్టేయాలి అని వెనక నుంచి లెక్క పెట్టండి. 60కి జీతం ఆగిపోతుందనుకుంటే, అరవై లోంచి మీ వయసు తీసేస్తే మిగిలేదే మీ చేతిలో ఉన్న కాలం. 20 లక్షల లోను, వడ్డీ 8.5 శాతం అనుకుందాం. నలభైలో తీసుకుంటే 20 ఏళ్లకి నెలకి సుమారు 17,350, నలభై అయిదులో అయితే 15 ఏళ్లే కాబట్టి 19,700, యాభైలో అయితే పదేళ్లకి 24,800 దాకా. చాలా బ్యాంకులు 70 ఏళ్ల వరకూ గడువు ఇస్తామంటాయి, అయితే పెన్షన్ డబ్బులోంచి ఈఎంఐ కట్టడం ఎంత కష్టమో మా వీధిలో చూస్తున్నా, ఆ ఆశకి పోకండి. అలాగని పాతికేళ్ల కుర్రాడు తొందరపడాలనీ కాదు. ఇరవై ఏళ్ల లోనుకి వడ్డీయే 21 లక్షలు దాటుతుంది, అసలు కంటే ఎక్కువ. ఫ్లోటింగ్ వడ్డీ (మార్కెట్‌ని బట్టి మారే వడ్డీ) లోను తీసుకుంటే మధ్యలో ఎంత కట్టినా పెనాల్టీ లేదు, బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో వేసేయండి.

తర్వాత, ఈ ఊళ్లో ఉంటారా అని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. జేకే పేపర్ మిల్లులోనో తెరుబలి ఫ్యాక్టరీలోనో ఉద్యోగం చేస్తూ, పిల్లల చదువుకి విశాఖ వెళ్లిపోవాలని మనసులో ఉంటే ఇక్కడ ఇల్లు కొని ఏం లాభం? మా ఫ్రెండ్ ఒకడు 31కే కొన్నాడు, 34కి ట్రాన్స్‌ఫర్. ఇప్పుడు అద్దెకున్నవాళ్లతో ఫోన్‌లో గొడవలు. మరో అయిదారేళ్లు కదలం అని గట్టిగా అనుకున్నప్పుడే దిగండి.

చేతిలో డబ్బు ఎంత ఉండాలి? 30 లక్షల లోపు లోనుకి బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం వరకూ ఇవ్వొచ్చు. మిగతా పది శాతం మనదే, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మనదే. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకి 5 శాతం, ఆడవాళ్లకి 4, రిజిస్ట్రేషన్ ఫీజు ఇద్దరికీ 2. పాతిక లక్షల ఇల్లు మీ ఆవిడ పేరున రాయిస్తే 25 వేలు మిగిలినట్టే. నేను అలాగే చేశా, ఇప్పుడు గొడవొస్తే ఇంట్లోంచి నన్నే పొమ్మంటుంది. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ పట్టణ పథకం 2.0లో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, ఇల్లు 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు అయితే 1.80 లక్షల దాకా వడ్డీ సబ్సిడీ ఉంది. కాకపోతే దేశంలో ఎక్కడా మీ కుటుంబం పేర పక్కా ఇల్లు ఉండకూడదు. అటు పార్వతీపురంలో మీ పేరున ఉన్నా లెక్కలోకి వస్తుంది, బోర్డర్ దాటితే కనబడదనుకోకండి.

ఇక పట్టా. అసలు తంటా అంతా ఇక్కడే. 29లో నాకు అయిదు డెసిమల్ స్థలం చూపించారు (డెసిమల్ అంటే మన సెంటే, 48.4 గజాలు). రేటు బాగుంది, రోడ్డు పక్కన. బ్రోకరు "అన్నా, రేపటికి ఈ రేటు ఉండదు" అన్నాడు. నలభై వేలు అడ్వాన్సు ఇచ్చేశా. పట్టా ఒడియాలో ఉంది. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, సిగ్గుపడి ఎవరికీ చూపించలేదు. చివరికి పక్కింటి మాస్టారు చూసి, కళ్లజోడు పైకి తోసుకుని, "బాబూ, పాత కాగితంలో పేరు చూశావా, ఇది కొంధు వాళ్ల భూమి" అన్నారు. కొంధులంటే ఇక్కడి ఆదివాసీలు. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ఏరియా. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం ఇక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాడు కొంటే చెల్లదు. అది వాళ్ల రక్షణ కోసం పెట్టిన చట్టం, దొడ్డిదారి చూపిస్తానన్నవాడి మాట వినొద్దు. ఆంధ్రాలో 1/70 చట్టంలాగే అనుకుని కొందరు పొరబడతారు. అక్కడ ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము కూడా అమ్ముకోకూడదు, ఇక్కడ అలా కాదు. మధ్యలో ఎన్ని చేతులు మారినా, మూలంలో ఆదివాసీ పేరు కనబడి, ఎలా మారిందో సరైన కాగితం లేకపోతే వదిలేయండి. నా అడ్వాన్సు వెనక్కి రావడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ విడతలుగా.

కాబట్టి ఒక్క రూపాయి ఇవ్వకముందే పట్టాలోని ఖాతా నంబరు, ప్లాట్ నంబరు అడిగి తీసుకుని భూలేఖ్ (ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల) సైటులో చూడండి, ఒడియా చదివేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని. కిసమ్ (భూమి రకం) అన్న చోట ఘరబారి, అంటే ఇంటి స్థలం, అని ఉండాలి. శారద అని ఉంటే అది వరి పొలం, తహసీల్ ఆఫీసులో ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ సెక్షన్ కింద మార్పించాకే ఇల్లు కట్టుకోవాలి, ఆ పని అమ్మేవాడి చేతే చేయించండి. అమీన్‌ని (సర్వేయర్‌ని) పిలిచి హద్దులు కొలిపించండి. ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయేమో చూపించే ఈసీ తీయించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోకుండా పడుకోకండి, పట్టాలో మీ పేరు ఎక్కేదాకా పని సగమే.

ఇల్లు చూడటానికి ఎండాకాలంలో వెళ్లకండి. శ్రావణంలో, రెండు రోజులు ముసురు పట్టాక, మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి వెళ్లండి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పక్క గజపతి జిల్లాలో కొండవాలు జారి ప్రాణాలు పోయాయి. కొండ కింద ప్లాటు చవకగా ఇస్తామంటే వర్షం నీరు ఎటు పోతుందో ఆ వీధి ముసలమ్మని అడగండి, అమ్మేవాడిని కాదు.