ఇంజనీరింగ్ మ్యాథ్స్ పోయిందా? మళ్ళీ పట్టు సాధించడం ఎలా?

ఇంటర్‌లో ఎంపీసీ, మ్యాథ్స్‌లో మంచి మార్కులు, ఎంసెట్‌లో (ఇప్పుడు పేరు ఈఏపీసెట్) పర్వాలేదనిపించే ర్యాంకు. చెన్నైలో సీటొచ్చి పోతేరి వైపో, కేళంబాక్కం వైపో హాస్టల్లో చేరతారు. మొదటి సెమిస్టర్ ఫలితాలొచ్చేసరికి మ్యాథ్స్‌లో అరియర్, అంటే పేపరు తప్పి మళ్ళీ రాయాల్సి రావడం! ఇలాంటి తెలుగు పిల్లలు ఈ ఊళ్ళో ఏటా కనిపిస్తూనే ఉంటారు. వాళ్ళ నోట ముందు వచ్చే మాట, "నాకు మ్యాథ్స్ రాదండీ".

ఆ మాట నేను ఒప్పుకోను. ఎంసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో మ్యాథ్స్‌వే 80. రెండేళ్ళపాటు మీ చెయ్యి నిమిషానికో లెక్క చొప్పున తిరిగింది. కాలేజీలో మాత్రం ఒకే లెక్క ముందు అరగంట, గంట ఓపిగ్గా కూర్చోవాలి. ఆ అలవాటు మీకు ఎవరూ చేయించలేదు. అందుకని కింద చెప్పేవన్నీ ఆ అలవాటు కోసమే.

ముందు మీ జవాబు పత్రాలు తెచ్చుకోండి

ఇంటర్నల్స్ పేపర్లు తిరిగి ఇస్తారు కదా, వాటిని చూడలేక పుస్తకాల కింద దాచేస్తారు చాలామంది. బయటికి తీయండి. మార్కు పోయిన ప్రతి చోటా పక్కన ఒక మాట రాయండి: "పాతది", "అర్థం", "సాధన".

పాతది అంటే ఇంటర్ లెక్క తప్పడం. మైనస్ గుర్తు మింగేయడం, పార్షియల్ ఫ్రాక్షన్స్ విడగొట్టలేకపోవడం, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్‌లో తడబడటం లాంటివి. అర్థం అంటే అసలు విషయమే బోధపడకపోవడం. ఉదాహరణకు 1/n సున్నాకు దగ్గరవుతోంది కాబట్టి 1 + 1/2 + 1/3 + ... కన్వర్జ్ అవుతుందని, అంటే మొత్తం ఒక అంకెకు చేరువై ఆగుతుందని రాసేస్తారు. 1/3, 1/4 కలిపి చూడండి, అర దాటుతుంది. 1/5 నుంచి 1/8 దాకా కలపండి, మళ్ళీ అర దాటుతుంది. అలా అరలు వచ్చి చేరుతూనే ఉంటాయి, మొత్తానికి హద్దు ఉండదు. ఇక సాధన అంటే, పద్ధతి తెలిసీ టైమ్ చాలకపోవడం.

ఏ మాట ఎక్కువసార్లు పడిందో అక్కడి నుంచే మొదలుపెట్టండి. "పాతది" ఎక్కువుంటే సిగ్గుపడకుండా ఇంటర్ పుస్తకాలు ఇంటి నుంచి తెప్పించుకుని రోజుకో గంట వాటికివ్వండి. పునాది సరిచేయకుండా లాప్లేస్ ట్రాన్స్‌ఫార్మ్స్ మీద పడితే ప్రతి లెక్కా సగంలో ఆగుతుంది.

నిర్వచనాన్ని చేత్తో ముట్టుకుని చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. ఐగెన్ వాల్యూలు అనగానే మనవాళ్ళు డిటర్మినెంట్ రాసి, క్వాడ్రాటిక్ సాల్వ్ చేసి, రెండు అంకెలు పట్టుకొస్తారు. ఆ అంకెలేం చెబుతున్నాయని అడిగితే మాట్లాడరు.

ఒక చిన్న మ్యాట్రిక్స్ తీసుకోండి: పై వరసలో 2, 1, కింది వరసలో 1, 2. దాంతో (1, 0) అనే వెక్టర్‌ని గుణిస్తే (2, 1) వస్తుంది. గ్రాఫ్ కాగితం మీద రెండూ గీయండి, బాణం పక్కకు తిరిగిపోయింది. ఇప్పుడు (1, 1)ని గుణించండి, (3, 3) వస్తుంది. బాణం దిశ మారలేదు, పొడవు మాత్రం మూడింతలైంది. (1, −1)ని గుణిస్తే మళ్ళీ (1, −1)యే, రవ్వంత కూడా మారలేదు. దిశ మారని ఆ వెక్టర్లే ఐగెన్ వెక్టర్లు, ఆ 3, 1 వాటి ఐగెన్ వాల్యూలు. మామూలు పద్ధతిలో చేసినా λ² − 4λ + 3 = 0 వచ్చి అవే అంకెలు తేలతాయి. పది నిమిషాల పని. ఆ తర్వాత ఫార్ములా మర్చిపోయినా మీరే రాబట్టుకోగలరు.

ప్రతి కొత్త నిర్వచనానికీ ఇలా చేయండి. అందులో ఇమిడేది ఒకటి, ఇమడనిది ఒకటి, రెండు ఉదాహరణలు మీ చేత్తో కట్టండి. నోట్స్ కన్నా ఆ రెండే ఎక్కువ కాలం గుర్తుంటాయి.

లెక్క కదలనప్పుడు

వెంటనే సొల్యూషన్ తెరవకండి. ఇచ్చినవేమిటో, అడిగిందేమిటో విడివిడిగా రాయండి. n ఉన్నచోట 1, 2, 3 వేసి చూడండి. బొమ్మకు వీలుంటే గీయండి. అరగంటైనా కదలకపోతే సొల్యూషన్‌లో మొదటి లైను మాత్రమే చూసి, పుస్తకం మూసి, మిగతాది మీరు చేయండి. మర్నాడు అదే లెక్కను ఖాళీ కాగితం మీద మొదటి నుంచి రాయండి. రాయలేకపోతే అది ఇంకా మీకు రానట్టే.

రామానుజన్ పలక మీద లెక్క చేసి చెరిపేసి ఫలితం మాత్రం నోట్‌బుక్‌లో ఎక్కించేవారు. మనం అలా చేయకూడదు. ప్రతి మెట్టూ కాగితం మీద ఉంటేనే తప్పెక్కడ జరిగిందో దొరుకుతుంది.

క్లాసులో అందకపోతే ఎన్‌పీటీఈఎల్ పాఠాలున్నాయి, ఐఐటీల అధ్యాపకులు చెప్పినవి, ఉచితం. అయితే పాతిక నిమిషాలు చూస్తే ఆపేసి గంటసేపు లెక్కలు చేయండి.

తెలుగులో చెప్పుకోండి

పాఠం ఇంగ్లిష్‌లో, డౌట్ అడిగితే జవాబు ఒక్కోసారి తమిళంలో. మధ్యలో మన పిల్లలు నలిగిపోతారు. ముగ్గురు కలిసి కూర్చోండి. ఒకరు పుస్తకం చూడకుండా తెలుగులో వివరించాలి, మిగతా ఇద్దరు "ఎందుకు?" అని అడుగుతూ ఉండాలి. చెప్పేవాడు ఎక్కడ తడబడితే అక్కడే గ్రూపులో అందరికీ అనుమానం ఉంటుంది. పరీక్షలో రాయాల్సిన ఇంగ్లిష్ వాక్యాలు తర్వాత విడిగా సాధన చేయొచ్చు.

సార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళకండి. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే ఆయనకీ దారి దొరకదు. మీరు చేసిన కాగితం చూపించి "ఈ మూడో లైను దగ్గర ఆగిపోయాను" అనండి. స్టాఫ్ రూమ్‌లో అలా అడిగిన విద్యార్థిని తిప్పి పంపేవాళ్ళు అరుదు.

పరీక్ష ముందు

నెల ముందు నుంచి పాత ప్రశ్నపత్రాలు, మూడు గంటలు గడియారం పెట్టుకుని. ఇక్కడ మీ ఎంసెట్ వేగం మళ్ళీ పనికొస్తుంది.

అరియర్ ఉంటే దాన్ని చివరి సెమిస్టర్‌కి నెట్టకండి. తర్వాతి మ్యాథ్స్ పేపరు చాలావరకు ముందుదాని మీదే నిలబడుతుంది, రెండూ కలిపి చదివితే ఒకదానికొకటి ఆసరా అవుతాయి.

ఇంకొకటి, ఇది మనసారా చెబుతున్నాను. ఫెయిలైన సంగతి ఇంట్లో దాచకండి. నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న అమ్మానాన్నలకు ఎవరో చెబితే తెలియడం కన్నా మీరు ఫోన్ చేసి చెప్పడం మేలు. ఏ పేపరు పోయింది, మళ్ళీ ఎప్పుడు రాస్తారు, రోజూ ఎన్ని గంటలు చదువుతున్నారు, ఈ మూడూ ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. నిద్ర పట్టనంతగా, బతుకు మీద విరక్తి పుట్టేంతగా దిగులుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. హాస్టల్లో పక్క గది పిల్లాడు అలా కనిపించినా, నంబరు ఇచ్చి ఊరుకోకుండా అతను మాట్లాడేదాకా పక్కనే కూర్చోండి.